సూర్యుడికి దణ్ణం పెట్టని కంద

ఒకప్పుడు చెట్టు నీడలో ఒక్క మొక్క కూడా ఉండేది కాదు. వెతికినా దొరికేది కాదు. చెట్ల కింద నేలంతా నున్నగా, బోడిగా ఉండేది.

ఎందుకంటే అప్పట్లో పెత్తనమంతా సూర్యుడిదే. తెల్లారగానే మొక్కలన్నీ బయట వరసగా నిలబడాలి. ఆకులు పైకెత్తి ఆయనకు దణ్ణం పెట్టాలి. పెట్టినవాళ్లకే ఆ రోజు వెలుగు, ఆ రోజు తిండి. నీడలో కూర్చున్నవాళ్ల వైపు ఆయన కన్నెత్తి కూడా చూసేవాడు కాదు. అందుకే వంగ, బెండ, మిరప, గోంగూర అన్నీ ఎండలోనే కాపురం పెట్టాయి. నీడ పేరు చెబితే వాటికి హడల్.

ఆ రోజుల్లో ఒక ఏటిగట్టు ఊళ్లో లోవమ్మ, అప్పన్న అని మొగుడూ పెళ్లాలు ఉండేవారు. వాళ్లది చిన్న ఇల్లు. ఇంటి వెనక చిన్న పెరడు. ఆ పెరడంతా కమ్ముకుని ఒక పెద్ద పనస చెట్టు. అలాంటి ఇలాంటి చెట్టు కాదు. మిట్టమధ్యాహ్నం కూడా దాని కింద చల్లగా ఉండేది. లోవమ్మ తన పిల్లలందరికీ ఆ చెట్టు కొమ్మకే ఉయ్యాల కట్టింది. అదంటే ఆవిడకు ప్రాణం.

అప్పన్నకు మాత్రం దాన్ని చూస్తే ఒళ్లు మంట. కాయలు కాసేది కొన్నాళ్లే. ఆకులు ఊడవడం మాత్రం ఏడాది పొడుగునా! ఆయన వంగనారు తెచ్చి దాని కింద నాటాడు. చచ్చిపోయింది. బెండ గింజలు వేశాడు. మొలకలు పీలగా పైకి సాగి, నడుం వంగి పడిపోయాయి. మిరప నాటాడు. అదీ అంతే. కూరకోసం పక్కింటి పెరటి వైపు చూసే గతి పట్టింది.

ఒకరోజు విసిగిపోయి గొడ్డలి నూరాడు.

"ఇంక లాభం లేదు లోవా. ఈ చెట్టు కొట్టేత్తాను. పెరడంతా ఎండ పడుద్ది. వంగా బెండా ఏసుకుందాం" అన్నాడు.

పనస చెట్టు ఆ మాట వినేసింది. గజగజ వణికింది. పండుటాకులు జలజలా రాలాయి.

లోవమ్మ పరుగెత్తుకొచ్చి చెట్టుకు అడ్డంగా నిలబడింది. "దీన్ని కొట్టడానికి నీకు చేతులెలా వత్తాయి మావా? ఎండాకాలం దీని కింద మంచం ఏసుకుని గుర్రు పెట్టేది ఎవరు? నేనా?"

అప్పన్న తల గోక్కున్నాడు. కానీ పట్టు వదల్లేదు.

"సరే, ఒక్క ఏడు ఆగుతాను. వచ్చే ఏడు తొలకరి నాటికి దీని కింద కూరకి పనికొచ్చే మొక్క ఒక్కటంటే ఒక్కటి బతికుండాలి. ఉంటే చెట్టు జోలికి రాను. నేల ఇలాగే బోడిగా ఉందో, గొడ్డలే!"

లోవమ్మ మర్నాడే మొక్కల దగ్గరికి బయల్దేరింది.

ముందు వంగను అడిగింది. "నీడలోకా? నేనా?" అని వంగ మూతి తిప్పింది. "నా కాయల నెత్తిన కిరీటం చూశావా? కిరీటం ఉన్నవాళ్లు చీకట్లో కూర్చుంటారా?"

బెండను అడిగింది. "నాకు నడుం నొప్పి. ఎండ లేకపోతే నిలబడలేను" అంది బెండ.

మిరపను అడిగింది. మిరపకు ఆ మాట వినగానే మండింది. ఎర్రగా ఒక చూపు చూసి అటు తిరిగిపోయింది.

లోవమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని వెనక్కి తిరిగింది. అప్పుడు వరస చివరనుంచి ఒక బొంగురు గొంతు వినిపించింది.

"నేనొస్తాను."

చూస్తే కంద. గట్టు మీద, అందరికంటే వెనక నిలబడి ఉంది. అప్పట్లో కందకి బోలెడన్ని చిన్నచిన్న ఆకులు. అవన్నీ ఎండకు అంచులు మాడి ముడుచుకుపోయి ఉండేవి. కింద దుంప మాత్రం బండరాయిలా సగం నేలపైకి తేలి ఉండేది. మిగతా మొక్కలు దాన్ని "ఒరేయ్ రాయీ" అని పిలిచేవి. కంద ఒక్కసారి కూడా పలికేవాడు కాదు. వాడికి పౌరుషం ఎక్కువ.

"నీడలో ఉండాలి నాయనా. ఉండగలవా?" అంది లోవమ్మ.

"ఈ ఎండలో ఉండి నేను బాగుపడింది ఏముంది? రోజూ దణ్ణం పెట్టి పెట్టి మెడ పట్టేసింది. ఎవరికీ వంగక్కర్లేని చోటు చూపించు. అక్కడ ఎలా బతకాలో నేను చూసుకుంటాను" అన్నాడు కంద.

వంగ పకపకా నవ్వింది. "పోరా రాయీ, పో! నాలుగు రోజులు కాకుండానే ఏడుస్తూ వెనక్కి వస్తావు."

కంద వెనక్కి కూడా చూడలేదు.

ఇంటికి రాగానే కంద తనను ఎలా నాటాలో చెప్పాడు. "నా నడినెత్తిన మొలక ఉంది చూశావా? నన్ను ముక్కలు కోసేటప్పుడు ప్రతి ముక్కకీ ఆ మొలక కొంచెం కొంచెం రావాలి. అది రాని ముక్క మట్టిలో ఊరికే కుళ్లిపోతుంది. ముక్కల్ని పేడనీళ్లలో ముంచు, ఆరబెట్టు, నాటు. అంతే."

లోవమ్మ కత్తిపీట తెచ్చింది. కోస్తుంటే చేతులు ఒకటే దురద. చింతపండు రుద్దుకుని మళ్లీ కోసింది. అన్నీ కంద చెప్పినట్టే చేసింది. ఒక్కటి తప్ప.

ఆ ఊళ్లో ఏ విత్తనమైనా ఎండలోనే ఆరబెట్టేవారు. వడ్లు ఎండలోనే. పెసలు ఎండలోనే. గుమ్మడి గింజలు ఎండలోనే. ఆరబెట్టడమంటే వాళ్లకు ఎండే, ఇంకోటి తెలీదు. లోవమ్మ కూడా అలవాటు కొద్దీ ముక్కలన్నీ వాకిట్లో చాప మీద పరిచి, అన్నం వార్చడానికి లోపలికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి ముక్కలు వడిలి, ముడతలు పడి, నల్లబడిపోయాయి. ఇంటి చూరు నీడ పడిన మూల ఒక్క ముక్క మాత్రం మిగిలింది. అది కోపంతో కేకలు పెడుతోంది.

"లోవమ్మా! దణ్ణాలు తప్పించుకుందామని నీ వెంట వస్తే, తీసుకొచ్చి ఆయన ఎదురుగానే కూర్చోబెడతావా! నీడలో ఉండేవాణ్ణి నీడలో ఆరబెట్టాలని తెలీదా?"

లోవమ్మ లబోదిబోమంది. "నా బుద్ధి గడ్డి తింది నాయనా! ఇప్పుడెలా? ఒక్క ముక్కతో ఏం అవుద్ది? నా చెట్టుని కొట్టేత్తాడు."

"ఏడవకు" అన్నాడు కంద. "ముక్క ఒక్కటే. అయితేనేం, అది నేను."

లోవమ్మ వాణ్ణి గబగబా పనస కిందికి తీసుకెళ్లి, నీడలో ఆరబెట్టింది. తర్వాత గొయ్యి తీసి, చివికిన పేడ ఎరువు వేసి, మొలక పైకి ఉండేలా నాటింది. పైన పనసాకులు దుప్పటిలా కప్పింది. చీపురు తీసి మూల పెట్టింది. ఊడవని పెరడు చూసి ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు. వేసుకుంటే వేసుకున్నారు, లోవమ్మ పట్టించుకోలేదు.

వానలు పడ్డాయి. కంద మొలిచాడు.

కానీ నీడలో బతకడం వాడు అనుకున్నంత తేలిక కాదు. పనసాకుల సందుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా మాత్రమే రాలేది. ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క అక్కడ. కంద తన చిన్న ఆకుల్ని చాపేవాడు. చుక్క పక్కన పడేది. అటు చాపితే ఇటు పడేది. ఆకలికి వాడి నడుం సన్నబడిపోయింది.

"అబ్బాయ్, కష్టంగా ఉంటే వెళ్లిపో. నాకోసం నువ్వు చావొద్దు" అంది పనస జాలిగా.

"అత్తా, ఇంకోసారి ఆ మాట అనకు" అన్నాడు కంద. అని ఆలోచించాడు. బాగా ఆలోచించాడు. చివరికి తన చిన్నచిన్న ఆకులన్నీ రాల్చేశాడు. ఉన్న బలమంతా ఒక్క కాడలో పెట్టి నిటారుగా లేచాడు. ఆ కాడ చివర ఒకే ఒక్క ఆకు విప్పాడు. ఎంత ఆకు! నలుదిక్కులా చీలికలు చీలికలుగా పరుచుకుని గొడుగంత అయింది. ఇప్పుడు చుక్క ఎక్కడ పడినా దాని మీదే పడాలి.

వెలుగు చుక్కలు ఆకు మీద పడ్డాయి. కొన్ని జారి కాడ మీద పడ్డాయి. కంద దేన్నీ వదల్లేదు. ఆకు మీద పడ్డవి తిన్నాడు. కాడ మీద పడ్డవి అక్కడే అతికించుకున్నాడు. మట్టిలో వాడి దుంప రోజురోజుకీ ఊరింది.

లోవమ్మ సంబరం చెప్పనలవి కాదు. దారిన పోయేవాళ్లను చెయ్యి పట్టుకు లాక్కొచ్చి మరీ చూపించింది. "చూడండి, చూడండి! నీడలో మొలిచింది! మా పెరట్లో మొలిచింది!"

ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి సూర్యుడి చెవిన పడింది.

వానలు వెళ్లిపోగానే ఆయన పనస మీదికి వంగి, ఆకుల సందుల్లోంచి తొంగి చూశాడు. "ఎవడ్రా అక్కడ? నాకు దణ్ణం పెట్టకుండా బతికేది ఎవడ్రా?"

"నేనే స్వామీ. కందను."

"బయటికి రా. వచ్చి దణ్ణం పెట్టు."

"మీరంటే నాకు కోపం లేదు స్వామీ. మీరు రాల్చే చుక్కలు నాకు చాలు. కానీ తిండికోసం వంగి వంగి దణ్ణాలు పెట్టడం ఇక నా వల్ల కాదు."

సూర్యుడి మొహం ఎర్రబడింది. "అంత పొగరా! వేసవి రానీ. నేల మీద నువ్వెక్కడున్నా మాడ్చేస్తాను. నా కంటికి నీ ఆకు ముక్క కనిపిస్తే ఒట్టు!"

అన్నంత పనీ చేశాడు. చలికాలం పోయి ఎండలు ముదిరాయి. వేడిగాలి వీచింది. మట్టి ఎండి బీటలు వేసింది. కంద ఆకు అంచులు పసుపు రంగుకు తిరిగాయి.

కంద లోవమ్మను పిలిచాడు. "అమ్మా, నేను లోపలికి పోతున్నాను. ఆకులో ఉన్న సారమంతా, కాడ మీది చుక్కలతో సహా దుంపలోకి లాగేసుకుంటాను. పైన ఏమీ కనిపించదు. కంగారు పడకు. తవ్వి మాత్రం చూడకు. లేత మొలకకు గునపం తగిలిందంటే ఇక నేను లేవలేను. వాన పిలిస్తే నేనే వస్తాను."

"తవ్వను నాయనా. మాటిత్తున్నాను" అంది లోవమ్మ.

పనస బెంగగా అడిగింది. "నువ్వు పోతే నా గతేంటి అబ్బాయ్?"

"పోవడం లేదత్తా, ఇంట్లోకి వెళ్తున్నాను. నీ వేళ్ల పక్కనే ఉంటాను" అన్నాడు కంద. గొడుగు ముడిచాడు. కాడ వాలిపోయింది. ఎండి, మట్టిలో కలిసిపోయింది. నేల మళ్లీ బోడిగా అయింది.

"చూశారా?" అని సూర్యుడు లోకమంతా వినిపించేలా నవ్వాడు. నవ్వి నవ్వి ఇంకా మండాడు. రోజూ దణ్ణాలు పెట్టిన వంగ ఎండిపోయింది. బెండ ఎండిపోయింది. మిరప కూడా ఎండి పుల్లైపోయింది. వాటి గింజలే మిగిలాయి. మట్టి లోపల కంద మాత్రం, సూర్యుడు చుక్కలుగా పంపిన తిండినే కొంచెం కొంచెంగా తింటూ, చల్లగా నిద్రపోతున్నాడు.

తొలకరి రోజు రానే వచ్చింది. ఆకాశంలో మబ్బు పట్టింది. అప్పన్న గొడ్డలి భుజాన వేసుకుని పెరట్లోకి వచ్చాడు.

"ఏదీ నీ కంద? ఎక్కడుంది?"

"లోపలున్నాడు" అంది లోవమ్మ.

"లోపలుంటే తవ్వి చూపించు. దుంప కనబడితే గొడ్డలి పారేత్తాను."

లోవమ్మ గునపం వైపు చూసింది. ఒక్క పోటు పొడిస్తే తేలిపోతుంది. చెట్టు దక్కుతుంది. కానీ మొలక తెగిందంటే వాడు మళ్లీ లేవడు. ఆవిడ గునపాన్ని కాలితో అవతలికి తోసేసింది.

"తవ్వను" అంది.

"చచ్చిపోయింది కాబట్టే తవ్వనంటున్నావు!"

"చచ్చిపోలేదు. వాడొత్తానన్నాడు. వత్తాడు. వాడి మాటే నా మాట. నువ్వు నమ్మితే నమ్ము, లేకపోతే లేదు!"

అప్పన్నకు కోపం నసాళానికి అంటింది. గొడ్డలి ఎత్తి పనస మొదట్లో ఒక్క వేటు వేశాడు. చెట్టు "అమ్మా!" అంది.

ఇక్కడే అప్పన్న తప్పులో కాలేశాడు. పనస దగ్గరికి కత్తి తీసుకెళ్లే ముందు దానికి నూనె రాయాలని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. కోపంలో ఆ సంగతే మరిచిపోయాడు. గాయంలోంచి తెల్లటి పాలు బుసబుసా పొంగాయి. గొడ్డలికి బంక చుట్టేసింది. లాగితే రాదు. రెండు చేతులతో లాగాడు. చేతులకూ బంకే. కాలితో చెట్టును తన్ని లాగాడు. ఆయన వెల్లకిలా పడ్డాడు, గొడ్డలి మాత్రం చెట్టుకే ఉండిపోయింది.

లోవమ్మ చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వకుండా ఉండటం ఆవిడ వల్ల కాలేదు.

అప్పన్న గొణుక్కుంటూ నూనె గిన్నెకోసం ఇంట్లోకి పోయాడు. ఆయన అటు వెళ్లాడో లేదో, ఇటు ఉరిమింది. మొదటి చినుకు పనసాకు మీద టప్పున పడింది. ఆకు మీంచి జారి మట్టిలోకి ఇంకింది. కమ్మటి వాసన లేచింది.

"కందా! నాయనా! వాన పిలుత్తోంది!" అని లోవమ్మ గొంతెత్తి అరిచింది. పనస తన వేళ్లతో మట్టిని కదిపింది.

అప్పన్న నూనె గిన్నెతో విసవిసా వచ్చాడు. అడుగు వేసి "అబ్బా!" అని గంతేశాడు. కాలికి ఏదో గుచ్చుకుంది. వంగి చూశాడు.

నేలను చీల్చుకుని, బల్లెం మొనలాగా ఒక మొలక పైకి వస్తోంది. వాన ఎంత జోరుగా పడితే అది అంత జోరుగా లేస్తోంది. అప్పన్న మోకాలు దాటింది. నడుం దాటింది. అక్కడ ఆగి, తాపీగా గొడుగు విప్పింది. నిరుటి కంటే రెట్టింపు గొడుగు! చినుకులు దాని మీద డప్పు వాయించాయి.

"ఎవరో చచ్చిపోయానన్నారు?" అన్నాడు కంద.

అప్పన్న ఆ గొడుగు చుట్టూ ఒకసారి తిరిగాడు. చేతిలో నూనె గిన్నె అలాగే ఉంది. కాసేపటికి చెట్టు దగ్గరికి వెళ్లి, నూనె రాసి గొడ్డలి మెల్లగా ఊడదీశాడు. పిడికెడు పేడ తెచ్చి గాయానికి మెత్తాడు. "ఇంక నీ జోలికి రానమ్మా" అన్నాడు పనసతో. తర్వాత లోవమ్మ వైపు తిరిగాడు. "నీ మాటే నిజం లోవా. నాకన్నా నీ గుండె గట్టిది."

లోవమ్మ వానలో తడుస్తూ నిలబడి ఏడ్చింది. ఆ ఏడుపు నిండా సంతోషమే.

వాన వెలిశాక సూర్యుడు మబ్బు పక్కకు జరిపి చూశాడు. బిత్తరపోయాడు.

"నువ్వా! నువ్వింకా ఉన్నావా? వేసవంతా ఎక్కడికి పోయావు?"

"ఎక్కడికీ పోలేదు స్వామీ. మా ఇంట్లోనే ఉన్నాను."

"మరి ఏం తిని బతికావు?"

"మీరిచ్చిందే. చూడండి" అని కంద తన కాడ చూపించాడు. పచ్చటి కాడ నిండా తెల్లతెల్లటి మచ్చలు. పనసాకుల సందుల్లోంచి రాలిన వెలుగు చుక్కలు. "మీరు పారబోసినవి కూడా వదల్లేదు స్వామీ. ఒంటికి అతికించుకున్నాను. దణ్ణం పెట్టలేదు గానీ, మీ వెలుగు విలువ నాకు తెలుసు."

సూర్యుడు వంగి ఆ మచ్చల్ని ఒక్కొక్కటే చూశాడు. తన ఎదురుగా నిలబడి దోసిళ్లకు దోసిళ్లు వెలుగు తాగినవాళ్లెవరూ దాన్ని ఇంత భద్రంగా దాచుకోలేదు. ఆయన కోపం కరిగిపోయింది.

"నా ముందు తల వంచకుండా బతికినవాణ్ణి నిన్నే చూశాను. ఉండరా, అలాగే ఉండు. ఇక ఈ నేల మీద నీడలో ఎవరున్నా, వాళ్ల వాటా చుక్కలు వాళ్లకు పంపుతాను" అన్నాడు.

ఆ మాట విని ఎక్కడెక్కడో ఎండలో మాడుతున్న మొక్కలు పనస కిందికి బయల్దేరాయి. పసుపు వచ్చింది. అల్లం వచ్చింది. చేమ కుంటుతూ కుంటుతూ వచ్చి, తూము పక్కన తడిగా ఉన్న చోటు చూసుకుని చతికిలబడింది. కంద వాటిని వరసగా నిలబెట్టి పాఠం చెప్పాడు. ఆకు వెడల్పుగా ఎలా చాపాలో, చుక్క ఎలా పట్టాలో, వేసవి వస్తే సారమంతా దుంపలోకి ఎలా లాగేసుకోవాలో నేర్పాడు. చెబుతూ చెబుతూ కాస్త గొప్పలు కూడా పోయాడు. పోనీండి, వాడికి ఆ హక్కు ఉంది.

అప్పటినుంచే కంద ఒంటికాలి మీద నిలబడి గొడుగు పడుతోంది. అప్పటినుంచే దాని కాడ నిండా వెలుగు మచ్చలు. ఎండలు ముదిరే లోపే అది మట్టి ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంటుంది. తొలకరి చినుకు పడగానే నేలను చీల్చుకుని లేస్తుంది. ఈ ఏడూ లేస్తుంది, వచ్చే ఏడూ లేస్తుంది. చెట్టు కింద నేల బోడిగా ఉందని ఎవరైనా గునపం ఎత్తితే, చెయ్యి పట్టుకుని ఆపండి. లోపల ఒక మొనగాడు పడుకుని ఉన్నాడని చెప్పండి.